బల్బు వెలుగులో తాలుకాయ

“ఆ బల్బు కింద తాలుకాయ కూడా మంచికాయలాగే ఎర్రగా ఉంటుంది అత్తయ్యా. నా చేతుల్ని ఎందుకంటారు?”

“పాతికేళ్ళుగా ఈ ఇంట్లో కాయ ఏరుతున్నాను. కరెంటు రాకముందు కిరసనాయిలు బుడ్డి పెట్టుకుని కూడా ఏరాను. ఎన్నడూ లేని తాలు నువ్వు కాపరానికి వచ్చాకే వచ్చింది.”

“వచ్చిన కాయ మీద నా పేరేమన్నా రాసుందా?”

“రాయక్కర్లేదు. ఆ బస్తా ఏరింది మనిద్దరమే. నాది కాకపోతే నీదే.”

“నేనూ అదే చెబుతున్నాను. నాది కాకపోతే మీదే.”

ఆ మాటకి వసారాలో కూర్చుని పురికొస పేనుకుంటున్న మా ఆయన దగ్గారు. నవ్వొస్తే ఆయన దగ్గుతారు. నవ్వితే నేను ఊరుకోనని ఆయనకి తెలుసు.

ఇది ఎనభైల్లో సంగతి. నేను చదివింది మూడో తరగతి దాకానే కాబట్టి వాక్యాలు గొప్పగా కుదరకపోవచ్చు గానీ, జరిగింది జరిగినట్టే రాస్తాను. నాతో అలా ఎదురు మాట్లాడింది మా కోడలు. పెళ్ళై అప్పటికి ఏడు నెలలు. ఆ ఏడు నెలల్లో ఆ పిల్ల నాకు గట్టిగా జవాబు చెప్పడం అదే మొదటిసారి. నాకు కోపం వచ్చింది. కోపం అడుగున, ఈ పిల్లకి నోరుందే అని కొంచెం సంతోషం కూడా వేసింది. ఆ సంగతి అప్పుడు ఎవరికీ చెప్పలేదు.

గొడవకి మూలం ఒకే ఒక్క మిరపకాయ.

మిరపకాయ కల్లంలో ఎండేటప్పుడు కొన్ని కాయలు రంగు విడిచి తెల్లగా పాలిపోతాయి. వాటిని తాలు అంటాం. బస్తాలోకి ఎత్తేముందు తాలు ఏరి పక్కకి తీయాలి. ఎండినకాయ బస్తాని మా వైపు టిక్కీ అంటారు. మా టిక్కీలు గుంటూరు మిర్చి యార్డుకి వెళ్ళేవి. అక్కడ మా కాయ కొనే సాయిబుగారు ఒకరుండేవారు. నేనాయన్ని చూడలేదు. మా ఆయన చెప్పగా విన్నదే. రోజంతా కారం ఘాటులో తిరిగే మనిషే అయినా తెల్ల చొక్కా మీద ఒక్క మరక ఉండేది కాదట. ఎవరి టిక్కీ అయినా సరే ముందు కోసి గుప్పెడు కాయ తీసేవారు. దాన్ని ఆ షెడ్డులో చూసేవారు కాదు. బయటికి, ఎండలోకి నడిచి వెళ్ళి, అరచెయ్యి తెరిచి చూసి, అప్పుడుగానీ నోరు విప్పేవారు కాదు. మా టిక్కీ మాత్రం కోసేవారు కాదు. “ఆ ఇంటి కాయ చూడక్కర్లేదు” అనేవారట. మా ఆయన మొదటిసారి ఆ మాట మోసుకొచ్చి నాకు చెప్పిన రోజు, ఆ పూట ఆయనకి పెరుగు మీగడతో సహా వేశాను.

ఆ ఏడు మొదటి కోత కాయ యార్డుకి వెళ్ళినప్పుడు ఒక టిక్కీ మూతి కుట్టు ఊడి నాలుగు కాయలు కింద పడ్డాయి. సాయిబుగారు వంగి ఏరారు. నాలుగింట్లో ఒకటి తాలు. ఆయన కోప్పడలేదు, నవ్వలేదు. ఆ కాయని మా ఆయన అరచేతిలో పెట్టి, వేళ్ళు ముడిచి, “ఇంట్లో చూపించండి” అన్నారట.

మా ఆయన దాన్ని చొక్కా జేబులో తెచ్చి నా ముందు పెట్టారు. నేను పారెయ్యలేదు. నట్టింటి గోడ గూట్లో పెట్టాను. ఎందుకు పెట్టానంటే, మా కోడలు అటు ఇటు తిరిగినప్పుడల్లా దాన్ని చూడాలని. నాకు అనుమానమేమీ లేదు. నా చేతుల సంగతి నాకు తెలుసు. ఆ బస్తా పొద్దుపోయాక మేమిద్దరం ఏరింది. తప్పు చీరాల నుంచి వచ్చిన కోడలి చేతులదే అనుకున్నాను. అనుకోవడమే కాదు, వచ్చినవాళ్ళకీ పోయినవాళ్ళకీ చెప్పాను కూడా.

రెండో కోత కాయ ఎండిన రోజున మబ్బు పట్టింది. కూలీలు కల్లంలో పగలల్లా ఏరి కుట్టగా ఒక టిక్కీకి సరిపోయే కాయ మిగిలింది. చినుకులు మొదలవుతుంటే దాన్ని గోతాల్లో ఇంటికి మోయించి నట్టింట్లో కుప్ప పోయించాం. తెల్లారి తొమ్మిదింటికి ట్రాక్టరు వస్తుంది. ఈసారి సాయిబుగారు టిక్కీ కోసి చూస్తారని మా నలుగురికీ తెలుసు. ఇంకో తాలు కనపడితే, ఆ తప్పు మా కోడలి నెత్తిన శాశ్వతంగా కూర్చుంటుంది. అది ఆ పిల్లకి నాకన్నా బాగా తెలుసు. అందుకే నేను బల్బు వేసి “రా, ఏరుదాం” అనగానే, ఏడు నెలలుగా దాచుకున్న మాటంతా బయటికి వచ్చింది.

మా ఇంటి వెలుగు గురించి కొంచెం చెప్పాలి. మాది పెంకుటిల్లు. మట్టి గోడలు మూరెడు మందం. నట్టింటికి కిటికీ లేదు. మిట్ట మధ్యాహ్నం కూడా అక్కడ గిన్నె ఎక్కడుందో తడుముకోవాలి. కరెంటు పెట్టించినప్పుడు నేను ఒక్క నలభై వాట్ల బల్బుకే ఒప్పుకున్నాను. దానికి తీగ పొడుగ్గా వదిలించాను. వంటప్పుడు వంటింటి గుమ్మానికి, తినేటప్పుడు నట్టింటి దూలానికి, పురుళ్ళప్పుడు పక్క గదిలోకి. మనుషులు ఒక చోట ఉంటే వెలుగు నాలుగు చోట్ల ఎందుకని నా వాదన. వసారాలో ఇంకో హోల్డరు బిగించి పోయాడు ఆ పని చేసినతను. దాంట్లో నేను బల్బు పెట్టనివ్వలేదు.

మా కోడలి పుట్టిల్లు చీరాల. వాళ్ళ నాన్నది చీరల కొట్టు. వాళ్ళింట్లో గదికో ట్యూబులైటు. సారెతో పాటు ఒక ట్యూబులైటు, దాని పట్టీ, చోకు అన్నీ అట్టపెట్టెలో పెట్టి పంపారు. నేను దాన్ని గోనెలో చుట్టి అటక మీద పెట్టించాను. ఆ పిల్ల నన్ను అడగలేదు. అడగలేదు గానీ, బియ్యం ఏరాలన్నా, జాకెట్టుకి హుక్కు కుట్టాలన్నా, పూలు మాల కట్టాలన్నా అంతా తీసుకుపోయి వీధి గుమ్మంలో కూర్చునేది. నట్టింట్లో ఉంటే మధ్యాహ్నానికే కళ్ళు వాలిపోయేవి. సాయంత్రానికి తలనొప్పి. నేను శొంఠి అరగదీసి పట్టు వేసేదాన్ని, వేస్తూ సణిగేదాన్ని. ఎదురింటావిడ ఒకసారి “మీ కోడలికి ఇంటికన్నా వీధే ఇష్టంలాగుందే” అంది. ఆ రోజు నుంచి నేను వీధి తలుపు ఒక రెక్క మూసి గడియ పెట్టేదాన్ని. ఆ పిల్ల తెరిచి ఉన్న రెండో రెక్క వైపు జరిగి కూర్చునేది.

సరే, గొడవ దగ్గరికి వస్తాను.

“మా నాన్న కొట్లో చీర ఎంచుకున్నాక ఏమంటారో తెలుసా అత్తయ్యా?” అంది కోడలు. “ముందు అరుగు మీదకి తీసుకెళ్ళి పగటి వెలుగులో చూసుకోండమ్మా, ఇంటికెళ్ళాక నన్ను తిట్టుకోకండి అంటారు. కొట్లో ట్యూబులైటు కింద ఒక రంగు, బయట ఒక రంగు.”

“ఆహా. మరి రంగు మార్చే ఆ ట్యూబులైటునే అటక మీంచి దింపమని నీ మొగుడి చెవి కొరుకుతున్నావే.”

ఆ పిల్ల ఒక్క క్షణం ఆగింది. అక్కడ దొరికింది అనుకున్నాను.

“బల్బుకన్నా నయం” అంది. “దీపం రంగు మారుస్తుందని మీకు తెలియదా ఏంటి. మీ వంకాయ రంగు చీర…”

“చీర మాటెందుకు ఇప్పుడు?”

గోతాలు సర్దుతున్న మా అబ్బాయి తల పక్కకి తిప్పుకున్నాడు. ఆ చీర నేను గుంటూరులో దీపాల కింద కొన్నాను. కొట్లో నిగనిగలాడే వంకాయ రంగు. ఇంటికి తెచ్చి వాకిట్లో మడత విప్పితే మాడిన బెల్లప్పాకం రంగు. అదే కావాలని కొన్నానని చెప్పాను. చెప్పాను కాబట్టి నాలుగేళ్ళు కట్టుకున్నాను.

అప్పుడు మా ఆయన పురికొస పక్కన పెట్టి లోపలికి వచ్చారు. “ఎందుకే అరుపులు. కుప్పని రెండు వాటాలు చెయ్యండి. నువ్వు నీ బల్బు కింద ఏరు. అమ్మాయి తన ట్యూబులైటు కింద ఏరుతుంది. తెల్లారి ఎండలో నేను చూస్తాను.”

“నేను గెలిస్తే?” అన్నాను.

“మీరు గెలిస్తే దీపం మాట మళ్ళీ ఎత్తను” అంది కోడలు. “ఆ తాలుకాయ నాదేనని నేనే చెబుతాను. ఎదురింటావిడకి కూడా చెబుతాను. నేను గెలిస్తే గూట్లోంచి ఆ కాయ తీసెయ్యాలి.”

ట్యూబులైటు పెట్టించమని అడుగుతుందనుకున్నాను. అడగలేదు. కాయ తీసెయ్యమంది. ఆ మాట నాకెక్కడో తగిలింది గానీ తగలనట్టే కూర్చున్నాను.

“ఒరేయ్, ఎక్కు అటక” అన్నాను మా అబ్బాయిని.

వాడు అప్పటికే నిచ్చెన మీద ఉన్నాడు. ఏడు నెలలుగా ఆ మాట కోసమే కాచుకున్నట్టున్నాడు. పట్టీని ముందు గదిలో దూలానికి నాన్న పేనిన పురికొసతోనే కట్టాడు. వసారా హోల్డరు నుంచి తీగ లాగాడు. స్విచ్చి వేస్తే గొట్టం రెండు చివర్లా ఎర్రగా నిప్పు కనపడింది, అంతే.

“వెలుగు ఇదేనా?” అన్నాను. “దీనికన్నా నా చుట్టముక్క నయం అంటారు మీ మామయ్య.”

“ఓల్టేజీ లేదమ్మా. పొలాల్లో మోటార్లు ఆగితే వస్తుంది” అన్నాడు మా అబ్బాయి. స్టార్టరు తిప్పాడు. గొట్టాన్ని వేలితో తట్టాడు. స్టూలు దిగి మళ్ళీ ఎక్కాడు. టపటపమని నాలుగుసార్లు కొట్టుకుని చివరికి వెలిగింది.

నిజం రాస్తున్నాను. ఆ వెలుగు ముందు గది నిండా ఒక్కసారి పరుచుకునేసరికి ముందు నాకు కనపడింది మా కోడలి మొహం. ఏడు నెలల్లో ఆ పిల్ల మొహం అలా విప్పారడం చూడలేదు. రెండోది, నా ఇంటి గోడల మీద మసి. వారం వారం బూజు దులిపే ఇల్లు నాది. దూలం పక్కన అరచెయ్యంత బూజు వేలాడుతూ ఉంది.

“కనపడుతోందా అత్తయ్యా?” అంది.

“ఏంటి కనపడేది?”

“ఏం లేదులెండి.”

ఇద్దరం ఏరడం మొదలుపెట్టాం. రెండు గదుల మధ్య గుమ్మం తెరిచే ఉంది. నేను నట్టింట్లో బల్బు కింద, ఆ పిల్ల ముందు గదిలో. ఒక్కొక్కరి ముందూ కాయ గోతం, పక్కన మంచికాయకి తట్ట, తాలుకి చేట. మా ఆయన గడప మీద కూర్చుని చుట్ట ముట్టించుకున్నారు. న్యాయం చెప్పేవాళ్ళు మధ్యలో ఉండాలట.

నా చేతులు వాటంతటవే నడిచేవి. నాలుగు వేళ్ళతో కాయ దొర్లించి, బొటనవేలితో నెట్టెయ్యడం. ఓల్టేజీ తగ్గి బల్బు మరీ పండిపోయింది. ఆ పసుపు వెలుగులో నా కాయంతా పండిన దానిమ్మ గింజల్లా ఉంది. గంట గడిచినా నా చేటలో గుప్పెడు తాలు కూడా పోగుపడలేదు.

“ఈ కోత కాయ బంగారంలా దిగింది” అన్నాను గుమ్మంలోకి వినపడేలా.

కాసేపటికి, “ఇదేంటండీ ఇంత నల్లగా ఉంది కాయ” అని అవతల కోడలు మొగుడితో అనడం వినపడింది. “వానకి తడిసి కుళ్ళిందా ఏంటి?”

“చినుకు పడకుండానే మోశాంగా.”

“మరి చూడండి. ఇదీ నలుపే. ఇదీ.”

ఇంకాసేపటికి ఇంకో చేట కావాలంది. ఉన్న చేట నిండిపోయిందట.

మా ఆయన చుట్ట తీసి, కుడిపక్కకోసారి ఎడంపక్కకోసారి చూశారు. “బాగుంది. ఒకటే చేను, ఒకటే కల్లం, ఒకటే కుప్ప. ఈ గదిలో పంట పండింది. ఆ గదిలో కరువొచ్చింది.”

అప్పుడు మా కోడలు లేచి వచ్చింది. నా తట్టలోంచి అడక్కుండానే గుప్పెడు మంచికాయ తీసుకుని తన గదిలోకి పోయింది. నేనూరుకుంటానా. వెనకాలే పోయి తన చేటలోంచి గుప్పెడు తాలు తీసుకుని నా బల్బు కిందకి వచ్చాను.

“అత్తయ్యా, మీ మంచికాయలో తెల్లకాయలు కనపడుతున్నాయి.”

“అమ్మాయ్, నీ తాలులో ఒక్క తాలు లేదు. అంతా ఎర్రటి కాయే. ఇది పారబోస్తే మీ నాన్న కొట్టు అమ్మినా చాలదు.”

“ఇక్కడికి రండి, చూపిస్తాను.”

“నువ్వే ఇక్కడికి రా.”

ఎవరూ కదల్లేదు. ఎవరి వెలుగులో వాళ్ళం నిలబడి ఎవరి గుప్పెడు వాళ్ళం పైకెత్తి చూపించుకుంటున్నాం. మా అబ్బాయి గుమ్మం మధ్యలో నిలబడి ఏ వైపు అడుగేస్తే ఏమవుతుందోనని కదలకుండా ఉండిపోయాడు. మా ఆయన ఈసారి దగ్గలేదు. పైకే నవ్వారు. ఆయన అలా కడుపు పట్టుకుని నవ్వడం చూసి మా కోడలికి నవ్వొచ్చింది. ఆ పిల్ల నవ్వితే మా అబ్బాయి నవ్వాడు. నేను కాయ తట్టలో పడేసి, “చాల్లే, లేవండి, అన్నాలు తిందాం” అన్నాను. మొహం అటు తిప్పి అన్నాను కాబట్టి నేను నవ్వింది వాళ్ళు చూడలేదు.

కొత్త వెలుగు కదా అని మా అబ్బాయి ముందు గదిలో పీటలు వేశాడు. కోడలు వడ్డించింది. అన్నం మల్లెపూవులా తెల్లగా ఉంది. దాని మీద వేసిన ఆవకాయ మాత్రం చెరువు అడుగు బురదలా ఉంది. గోంగూర పచ్చడి సంగతి చెప్పక్కర్లేదు. నలుగురం కంచాల్లోకి చూస్తూ కూర్చున్నాం. చేతులు పోవడం లేదు. పైన చోకు తుమ్మెదలా రొద పెడుతోంది. గొట్టం వణుకుతోంది. నాకు కణతల దగ్గర నొప్పి మొదలైంది.

మా కోడలే ముందు లేచింది. కంచం చేత్తో పట్టుకుని, “నట్టింట్లో తిందాం రండి మామయ్యగారూ. ఆవకాయ ఇక్కడ తినబుద్ధి కావడం లేదు” అంది.

నలుగురం కంచాలతో సహా లేచి బల్బు కిందకి వెళ్ళాం. అక్కడ ఆవకాయ ఆవకాయలా ఉంది. మా ఆయన రెండోసారి అన్నం పెట్టించుకున్నారు.

“ఇది నా గెలుపులో వెయ్యండి” అన్నాను.

“అన్నం వరకు వేస్తాను” అన్నారాయన. “కాయ సంగతి తెల్లారి.”

“తలనొప్పిగా ఉందా అత్తయ్యా?” అంది కోడలు. నేను కణత నొక్కుకోవడం చూసింది. “శొంఠి పట్టు వెయ్యనా?”

ఆ అడగడంలో ఎత్తిపొడుపేమన్నా ఉందేమోనని వెతికాను. లేదు. నాకు ఆ గొట్టం కింద గంట కూర్చుంటే వచ్చిన నొప్పి, ఆ పిల్లకి ఈ బల్బు కింద ఏడు నెలలుగా వస్తోందన్నమాట. పట్టు వేయించుకున్నాను. సణగలేదు.

మిగిలిన కాయ ఇద్దరం త్వరగానే ఏరేశాం. తట్టలు, చేటలు ఎవరివి వాళ్ళ గదిలో గోనె కప్పి పెట్టాం. ఎవరూ ముట్టుకోకూడదని మా ఆయన గడపకి అడ్డంగా పక్క వేసుకున్నారు. రాత్రి వాన కురిసి వెలిసింది.

తెల్లారేసరికి ఆకాశం కడిగినట్టుంది. నేను లేచేసరికి మా ఆయన రెండు తట్టల్లోంచీ రెండు చేటల్లోంచీ గుప్పెడేసి కాయ తీసి, వీధి గుమ్మంలో పెట్టి చూస్తున్నారు. నేను మూసిన తలుపు రెక్క కూడా తెరిచి ఉంది. నన్ను పిలిచారు. కోడల్ని పిలిచారు. చూడమని పక్కకి జరిగారు.

ఎండలో నాలుగు గుప్పెళ్ళూ పక్కపక్కనే ఉన్నాయి. నా మంచికాయ గుప్పెట్లో తాలు ఉంది. ఒకటి కాదు, ఆరు. తోకలు తెల్లగా, చెక్కిళ్ళు పాలిపోయి, చంటిపిల్లకి చూపించినా చెబుతుంది. నా బల్బు కింద అవి దానిమ్మ గింజలు. కోడలి మంచికాయ గుప్పెట్లో ఒక్క తాలు లేదు. కానీ ఆ పిల్ల తాలు చేటలో సగానికి పైగా మేలురకం కాయ, ముదురెరుపుది, సాయిబుగారు ముందు చేత్తో పట్టుకునే రకం. ట్యూబులైటు కింద నల్లగా కనపడి పారేసింది.

“ఇద్దరూ ఓడారు” అన్నారు మా ఆయన.

“కాదు” అన్నాను. “తన తట్టలో తాలు లేదు. నా తట్టలో ఉంది. టిక్కీలోకి పోయేది తట్ట, చేట కాదు.”

మా కోడలు నా వంక చూసింది. నేను లోపలికి వెళ్ళి గూట్లోంచి ఆ కాయ తీసుకొచ్చి నా ఆరు కాయల పక్కన పెట్టాను. ఏడూ ఒకే కాపు కాయల్లా ఉన్నాయి.

“ఆ రోజు ఏరింది ఎవరో ఇంక తేలదమ్మాయ్” అన్నాను. “నా చేతుల్లోంచి కూడా తాలు జారుతుందని తేలింది. నీ మీద వేసిన మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఎదురింటావిడకి నేనే చెబుతాను.”

“ఇప్పుడే చెప్పక్కర్లేదులెండి” అంది. “ముందు కాయ ఏరాలి. ట్రాక్టరొస్తుంది.”

తొమ్మిది కావడానికి మూడు గంటలైనా లేదు. వాకిలంతా బురద. వసారా నిండా కుట్టిన టిక్కీలు. వీధి గుమ్మంలో ఒక్క మనిషికే చోటు. కాయ పరిచి కూర్చోవడానికి పొడిగా, విశాలంగా ఉన్న చోటు నట్టిల్లే. నట్టింట్లో చీకటి. నేను కాసేపు పైకప్పు వంక చూశాను.

“ఏవండీ, పైకెక్కి ఓ పది పెంకులు తీయండి” అన్నాను.

“ఏంటే?”

“నట్టింటి మీద. ఎండ వైపు.”

“మళ్ళీ వానొస్తే?”

“వచ్చినప్పుడు కప్పుకుందాం. ఇప్పుడు ఎండొచ్చింది.”

ఆయన నిచ్చెన వేయించుకున్నారు. పెంకులు తీస్తుంటే పాతికేళ్ళ దుమ్ము, పిచ్చిక గూళ్ళ పుల్లలు నెత్తిన రాలాయి. ఆ వెనకే ఎండ దిగింది. మంచం అంత మేర నేల మీద పరుచుకుంది. అక్కడ నేల ఏ రంగో నేను కాపరానికి వచ్చాక చూడలేదు. ఎర్రమట్టి అలికిన నేల. మా కోడలు కుప్పంతా మళ్ళీ కలిపి ఆ ఎండలో పోసింది. ఆ పిల్ల అటు, నేను ఇటు, మధ్యలో కాయ. మా అబ్బాయీ వచ్చి కూర్చున్నాడు. ఎవరూ ఎవరినీ ఏమీ అనాల్సిన పని లేకపోయింది. తాలు తాలులా ఉంది, కాయ కాయలా ఉంది. మా కోడలు ఏరుతూ ఏదో కూనిరాగం తీసింది. గొంతు బాగానే ఉంది. నట్టింట్లో ఎప్పుడూ వినలేదు.

“అత్తయ్యా, ఆ వంకాయ రంగు చీర ఓసారి ఇక్కడికి తెచ్చి చూద్దామా?” అంది మధ్యలో.

“కాయ ఏరు” అన్నాను.

ఎనిమిదిన్నరకల్లా టిక్కీ కుట్టాం. మూతి నేనే కుట్టాను. ట్రాక్టరు తొమ్మిదిన్నరకి వచ్చింది. మా ఆయన టిక్కీల మీద ఎక్కి కూర్చున్నాక, “పెంకులు సాయంత్రం వచ్చి సర్దుతాలే” అన్నారు.

“ఎనిమిది సర్దండి” అన్నాను. “రెండిటి చోట గాజుపెంకులు కావాలి. గుంటూరులో దొరుకుతాయట, తీసుకురండి.”

ఆయన తల ఊపారు. ట్రాక్టరు కదిలింది.

నేను లోపలికి వచ్చేసరికి మా కోడలు పప్పు పొయ్యి మీద నుంచి దింపి తాలింపు పెడుతోంది. గూట్లోంచి తీసిన కాయ, నా ఆరు కాయలు చేతిలో పట్టుకుని, “వీటినేం చెయ్యను?” అంది.

“పారేస్తారా ఎవరన్నా? తాలింపులో వెయ్” అన్నాను.

ఏడూ తుంచి వేసింది. ఘాటు పెద్దగా రాలేదు. పప్పు బాగానే ఉంది.